నూకలతో తిరిగొచ్చిన గంప

నేను ఒక కోళ్ల గంపను. మిగతా గంపలన్నీ నోరు పైకి తెరుచుకుని, ఎవరు ఏం పోస్తే అది పుచ్చుకుంటూ బతుకుతాయి. నా బతుకంతా బోర్లా పడి ఉండటమే. నోరు నేలకు ఆనించి, నెత్తిన ఒక బండరాయి మోస్తూ, కడుపులో కోళ్లను దాచుకుని ఏడేళ్లు గడిపాను. నా ఒళ్లంతా కంతలే. ఆ కంతల్లోంచి కోడి తల బయటికి రాదు, పిల్లి పంజా లోపలికి పోదు. చూపు మాత్రం ఎంత దూరమైనా పోతుంది. అన్ని కంతల్లోంచి అన్ని వైపులా మనుషులను చూశాక వాళ్ల మీద నమ్మకం ఎక్కడ మిగులుతుంది చెప్పండి. మీరు అనుమానం ఎక్కువైన మనిషిని అనుమానపు పక్షి అంటారు. పక్షులను నేను దగ్గరగా చూశాను, వాటికి అంత అనుమానమేమీ లేదు. గుప్పెడు గింజలు చల్లితే ఎవరి దగ్గరికైనా వచ్చేస్తాయి. అసలు అనుమానం వాటిని మూసిపెట్టే గంపది.

నన్ను అల్లింది మేదరి సాంబక్క. మానేరు ఒడ్డున వారానికోసారి అంగడి జరిగే ఊళ్లో, బస్టాండు వెనక ఆమె గుడిసె. పచ్చి వెదురును కత్తితో నిలువునా చీల్చి, బద్దలు తీసి, నీళ్లలో నానబెట్టి, ముందు నా నడినెత్తి చుట్టు వేసి అక్కడి నుంచి కిందికి అల్లుకుంటూ వచ్చింది. అల్లడం అయ్యాక నన్ను బోర్లించి తానే నా మీద కూర్చుంది. ఎక్కడైనా కిర్రుమంటే అంతవరకు విప్పి మళ్లీ అల్లింది. తన చేతి పనిని తానే నమ్మని మనిషి సాంబక్క. అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చిందని నేను అందుకే అంటాను.

నా మొదటి యజమాని రాజీరు. అంగడిలో కోళ్లు అమ్మేవాడు. సైకిలు వెనక నన్ను కట్టుకుని ఊరూరా తిరిగి కోళ్లు కొనేవాడు, బుధవారం అంగడిలో అమ్మేవాడు. కొనేటప్పుడు కోడి రెక్కలు పట్టి లేపి, రొమ్ము మీద ఈకల్లోకి ఉఫ్ అని ఊది, కండ ఎంతుందో చూసి పెదవి విరిచేవాడు. అదే కోడిని అమ్మేటప్పుడు ఊదినవాళ్ల మీద కోపగించేవాడు. నేను అతని దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. కోడికి రోగం వచ్చేముందు అది కునుకుతుంది. పట్టపగలు, చుట్టూ కోళ్లు గోల చేస్తుండగా, ఒక మూలన మెడ లోపలికి లాక్కుని, రెప్ప కింది నుంచి పైకి మూసుకుంటుంది. రాజీరు అలాంటి దాన్ని చూడగానే ఉల్లిగడ్డ, మిరియాలు నూరి గొంతులో పోసేవాడు. దాని కళ్లు తెరుచుకునేవి. మధ్యాహ్నానికల్లా ఎవరో కొనేవారు. సాయంత్రానికి ఆ కోడి ఏమైందో రాజీరు ఎప్పుడూ అడగలేదు. ఆ సంగతి అతనికి అక్కర్లేదు.

అలాంటి ఒక బుధవారం ఐలవ్వ వచ్చింది. యాభైకి దగ్గరున్న మనిషి, నడుముకు కొంగు బిగించి, రాజీరు ముందు కూర్చుని గంటసేపు కోళ్లను చూసింది. ఒకదాని కాలు బాగాలేదంది. ఒకదాని కన్ను బాగాలేదంది. మిరియాలు పోసిన కోడిని చూసి, "ఇది ఎందుకు గింత హుషారుగున్నది?" అని అడిగింది. రెండేళ్లలో ఆ మాట అడిగినది ఆమె ఒక్కతే. నాకు అప్పుడే ఆమె మీద మనసు పోయింది. చివరికి కోడి ఏదీ వద్దంది. గంప ఇస్తావా అంది. రెండు శేర్ల కందులు పుచ్చుకుని రాజీరు నన్ను ఇచ్చేశాడు. కోడి లేకుండా కోళ్ల గంపను నెత్తిన పెట్టుకుని ఊరికి నడిచిన మనిషిని చూసి దారిపొడుగునా జనం నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

అంగడి కోడిని నమ్మని ఐలవ్వకు ఊరి కోడే కావాలి. అది పక్కింటి కనకవ్వ దగ్గర దొరికింది. రెండిళ్లకు మధ్య ఒక కంప దడి, దడిలో మనిషి పట్టేంత సందు. కనకవ్వ ఒక నల్లపెట్టను ఐలవ్వకు పాలుకు ఇచ్చింది. పాలుకు ఇవ్వడమంటే కోడి ఒకరిది, సాకడం ఇంకొకరిది, పుట్టిన పిల్లలు చెరిసగం. ఇద్దరూ ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు, ఇళ్లు పక్కపక్కన ఉండటమే చుట్టరికం.

నల్లపెట్ట పదకొండు గుడ్లు పొదిగి తొమ్మిది పిల్లలను లేపింది. తొమ్మిదిని రెండుగా ఎలా పంచుతారని నేను కంతల్లోంచి వేడుకగా చూస్తున్నాను. కనకవ్వ నాలుగు తీసుకుని లేచింది. "ఒకటి ఎక్కువ నీకే ఉండనీ వదినె, సాకినదానివి," అంది. ఐలవ్వ తల ఊపింది గాని, ఆమె వెళ్లగానే ఆ మిగిలిన పిల్లను చేతిలోకి తీసుకుని కాళ్లు, కళ్లు, ముక్కు అన్నీ చూసింది. ఊరికే ఎందుకు వదిలేసిందని మూడు రోజులు ఆలోచించింది. నేనూ ఆలోచించాను. ఆ పిల్ల పెరిగి అందరికంటే ఎక్కువ గుడ్లు పెట్టింది. అప్పుడు కూడా మా ఇద్దరికీ అనుమానం పోలేదు.

అయిదేళ్లలో మంద పెరిగింది. అయిదు పెట్టలు, ఒక పుంజు, ఎదిగొస్తున్న పిల్లలు ఎనిమిది, మొత్తం పద్నాలుగు. ఐలవ్వ వాటిని సాకిన తీరు చెప్పాలంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. పొద్దున్నే నన్ను ఒక పక్కకు ఎత్తి, ఒక్కొక్కటే బయటికి వస్తుంటే పేరుపేరునా చూసేది. పిల్లలున్నప్పుడు పాత కుండలో తడి గోనెగుడ్డ, పశువుల పెండ వేసి చెట్టు కింద బోర్లించి పెట్టేది. రెండు రోజులకు దాని నిండా చెదలు పట్టేవి. కుండ తీసి దులిపితే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తినేవి. పొదిగే కోడి కింద కోడిపేలు పట్టకుండా వావిలాకు పరిచేది. మూలన బూడిద పోసి ఉంచితే కోళ్లు అందులో పొర్లి ఒళ్లు దులుపుకునేవి. సాయంత్రం అవి తమంతట తామే నా చుట్టూ చేరేవి. మూసిపెట్టే ముందు ఆమె మూడుసార్లు లెక్కపెట్టేది. మొదట రంగును బట్టి, తరువాత వేళ్ల మీద. మూడోసారి లెక్క అనుమానంతో.

ఆ కోళ్లు ఆమెకు ఏమిటో చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. భూమి మగడు ఓదెలు పేరున ఉంది, ఇల్లు అతని అన్నదమ్ముల మధ్య ఉంది, బర్రె వచ్చింది అతని అన్న ఇంటి నుంచి. చీర కట్టుకోవాలన్నా, పుట్టింటికి పోవాలన్నా అతన్ని అడగాలి. ఓదెలు చెడ్డవాడు కాడు, అడిగితే ఒప్పుకుంటాడు. కాని అడగాలి. కోళ్ల విషయంలో ఆమె ఎవరినీ అడగలేదు. పొదగబెట్టేది ఆమె ఇష్టం, కోసేది ఆమె ఇష్టం, ఎవరికైనా ఒక గుడ్డు ఇచ్చేది ఆమె ఇష్టం. బతుకంతా కలిపి, ఇవి నావి అని ఆమె చెప్పుకోగలిగినవి ఆ పద్నాలుగు ప్రాణాలే.

అంత ముఖ్యమైన వాటికి అంత కాపలా ఉండాలి కదా. మేమిద్దరం కలిసి అందరినీ అనుమానించేవాళ్లం. గద్దను, పిల్లిని, ముంగిసను సరే సరి. గుడ్లు తీసుకుపోయి కల్లు తాగుతాడని ఓదెలును అనుమానించేవాళ్లం. అది చాలావరకు నిజమే. అందరికంటే ఎక్కువగా కనకవ్వను అనుమానించేవాళ్లం, ఎందుకంటే ఆమె ప్రతి పొద్దునా దడి మీది నుంచి తొంగి, "ఎన్ని పెట్టినయి వదినె?" అని అడిగేది. ఐలవ్వ రెండు తగ్గించి చెప్పేది. కనకవ్వ మనసులో రెండు కలుపుకునేది. అలా ఇద్దరి మధ్యా లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

ఎండలు ముదరక ముందు పశువుల దవాఖాన నుంచి సుజన అనే అమ్మాయి వచ్చింది. భుజాన మంచుగడ్డల పెట్టె, చేతిలో చిన్న సీసా. కొక్కెర రోగం రాకుండా ఒక్కొక్క కోడి కంట్లో ఒక్కొక్క చుక్క వేస్తానంది. కనకవ్వ తన కోళ్లను ఒక్కొక్కటే పట్టుకుని కూర్చుంది. సుజన చుక్క వేస్తుంటే కోడి రెప్ప ఆర్పేది, అంతే, అయిపోయేది. దడి మీది నుంచి ఇది చూసిన ఐలవ్వ గబగబా నూకలు చల్లి, కోళ్లన్నింటినీ పట్టపగలే నా కింద మూసి, నా మీద ఎక్కి కూర్చుంది.

"ఐలవ్వా, నీ కోళ్లేవి?" అంటూ సుజన వాకిట్లోకి వచ్చింది.

"లేవు బిడ్డా. మేతకు పోయినయి."

లోపల పుంజు ఊరుకోలేదు. సుజన నా వైపు చూసి నవ్వు ఆపుకుంది. "మేతకు పోయిన కోళ్లు గంపల కూస్తున్నయా?"

"అది పొదుగు కోడి. ముట్టొద్దు."

"పుంజు కూడ పొదుగుతదా అవ్వా? ఒక్క చుక్కనే. పైసలేం లేవు."

"అందుకే వద్దంటున్న. ఉత్తగ ఏస్తున్నవంటే ఏదో ఉంటది. చుక్కలేస్తే గుడ్లు బందైతయంట."

"ఎవలు చెప్పిండ్రు?"

ఐలవ్వ నా మీద ఇంకాస్త గట్టిగా సర్దుకుని కూర్చుంది. ఎవరూ చెప్పలేదు మరి. సుజన కాసేపు నిలబడి, ఇంకో మూడిళ్లు ఉన్నాయని వెళ్లిపోయింది. ఐలవ్వ ఇంకా కాసేపు కూర్చునే ఉంది. ఆమె బరువుకు నా బద్దలు నొప్పెట్టాయి గాని నేను కిర్రుమనలేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకంటే గట్టి గంప, ఆమెకంటే తెలివైన మనిషి ఈ లోకంలో లేరనుకున్నాను.

తరువాత రెండు నెలలకు కనకవ్వ ఇంటికి ఆమె బిడ్డ అత్తగారి తరఫు చుట్టాలు వస్తున్నారని కబురొచ్చింది. ఆమె పెట్టలు కొన్ని గుడ్ల మీద ఉన్నాయి, కొన్ని పిల్లలతో ఉన్నాయి. అందుకని అంగడికి పోయి రెండు కోళ్లు తెచ్చింది. ఆమె గంపను బర్రె తొక్కింది. దడి సందులోంచి వచ్చి నన్ను ఇమ్మని అడిగింది. ఐలవ్వ నన్ను చూసింది, ఆమెను చూసింది, బర్రె తొక్కిన గంపను పోయి కళ్లారా చూసి వచ్చింది, అప్పుడు ఇచ్చింది.

మూడు రోజులు పక్కింట్లో ఉన్నాను. పరాయి వాకిలి కదా, నా కంతలన్నీ పనిలో పెట్టాను. ఆమె మా గుడ్ల సంగతి ఎవరితో చెబుతుందో, మా నల్లపెట్ట పిల్లలను ఏ కంటితో చూస్తుందో కనిపెడదామని నా చూపంతా కనకవ్వ మీదే ఉంచాను. రెండో రోజు పొద్దున నా కడుపులో ఉన్న రెండు కోళ్లలో ఒకటి మూలకు ఒదిగి రెప్ప పైకి మూసింది. తెల్లగా, పచ్చగా పారి నా అంచు మీద, బద్దల మధ్యన అంతా చేసింది. నాకు ఆ కునుకు తెలుసు. రాజీరు దగ్గర వందసార్లు చూశాను. అయినా అనుకున్నాను గదా, ఇది మా కోడి కాదు, నాకేమిటి అని. ఏడేళ్లలో అనుమానించాల్సిన చోట అనుమానించకుండా ఊరుకున్నది ఆ ఒక్క పూటే.

కనకవ్వ కూడా చూసింది. చుట్టాలు మరునాడు వస్తారనగా ఆ మధ్యాహ్నమే రెండింటినీ కోసేసింది. మరునాడు తనకున్న పుంజుల్లో ఒకదాన్ని కూడా కోసింది. చుట్టాలు తిని మెచ్చుకుని వెళ్లారు.

మూడో రోజు సాయంత్రం నన్ను తిరిగి ఇవ్వడానికి తీసింది. మా వైపు వాడుకోవడానికి అడిగి తెచ్చుకున్న గంపనో చాటనో ఖాళీగా తిరిగి ఇవ్వరు. అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి, లేకపోతే ఇచ్చినవారి ఇల్లు ఖాళీ అయిపోవాలని కోరినట్టు. కనకవ్వ నన్ను వెల్లకిలా తిప్పి, కంతలు కప్పేలా లోపల మోదుగాకులు పరిచి, దాని మీద నాలుగు దోసిళ్ల నూకలు పోసింది. నా జన్మలో మొదటిసారి నోరు పైకి పెట్టుకుని, కడుపులో తిండి పెట్టుకుని, ఒక మనిషి నెత్తి మీద ఊరేగాను. కాస్త పొంగిపోయానని ఒప్పుకుంటాను.

"ఉత్తగ ఇయ్యొద్దంటరు గదా వదినె. నీ కోళ్లకు పొయ్యి," అంది కనకవ్వ.

ఐలవ్వ తీసుకుంది. పైన శుభ్రంగా ఉన్న రెండు దోసిళ్ల నూకలు ఎవరూ చూడకుండా వంటింట్లో ఒక గిన్నెలో పోసుకుంది. మిగతావి వాకిట్లో కుమ్మరించింది. కోళ్లు ఎగబడ్డాయి. గుప్పెడు మిగిలితే కాగితంలో కట్టి గూట్లో పెట్టింది. చీకటి పడబోతుండగా మోదుగాకులు దులిపేసి, నన్ను బోర్లించి, పద్నాలుగింటినీ నా కింద మూసింది.

నాలుగో రోజు పుంజు కూయలేదు. అయిదో రోజు గుడ్లు ఎక్కువ పెట్టే పెట్ట కునికింది. ఆ తరువాత ఒక్కొక్కటే. నోరు తెరిచి గురగురమని ఊపిరి పీల్చాయి, పచ్చగా పారాయి, కొన్నింటి మెడలు మెలికపడి వెనక్కి తిరిగిపోయాయి. ఐలవ్వ వెల్లుల్లి నూరి పోసింది, పసుపు నీళ్లు తాగించింది, వేపాకు పొగ వేసింది. కూలికి పోలేదు, అన్నం సరిగా తినలేదు. మెడ తిరిగిన పిల్లలను ఒడిలో పెట్టుకుని, వేలితో నోరు తెరిచి చుక్క చుక్కగా నీళ్లు పోస్తూ కూర్చుంది. ఓదెలు గొయ్యి తవ్వి తవ్వి అలసిపోయాడు. పది రోజుల్లో పదమూడు పోయాయి. ఒక్క బోడమెడ పెట్ట మిగిలింది. అది కూడా తల ఒక పక్కకు వాల్చుకుని తిరిగేది.

దడి అవతల కనకవ్వ కోళ్లు మాత్రం బూడిదలో హాయిగా పొర్లుతున్నాయి. ఒక్కదానికి కూడా ఏమీ కాలేదు.

ఇక మీరే చెప్పండి. మా అనుమానం ఎటు పోవాలి? నాలుగు దోసిళ్ల నూకలు ఇచ్చింది, నాలుగో రోజుకు రోగం వచ్చింది, ఆమె కోళ్లు చల్లగా ఉన్నాయి. నాకు లోలోపల ఒక తృప్తి కూడా కలిగింది. అయిదేళ్లుగా నేను అనుమానించిన మనిషి చివరికి దొరికిందన్న తృప్తి. సిగ్గుపడుతూ చెబుతున్నాను.

మరునాడు పొద్దున్నే నల్లా దగ్గర, వాడకట్టు ఆడవాళ్లంతా బిందెలు వరసలో పెట్టుకుని ఉన్నప్పుడు, ఐలవ్వ ఆ మాట అనేసింది. నల్లా మా వాకిలి ముందరే ఉంది కనుక అంతా నాకు కనిపించింది.

"కనకవ్వా, నూకలల్ల ఏం కలిపినవు?"

వదినె అనలేదు. కనకవ్వ బిందె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఏం కలిపిన? ఏమంటున్నవే?"

"మందు కలిపినవు. నా కోళ్లు నీ కోళ్ల కన్న ఎక్కువైనయని నీకు కండ్లు మండినయి. తిన్న నాలుగో దినానికి పడ్డయి. నీయి ఒక్కటన్న పడ్డదా? ఎట్లయితదో నువ్వే చెప్పు."

నల్లా నీళ్లు కనకవ్వ బిందె నిండి పొర్లిపోతున్నాయి.

"నీ కోళ్లు నా కోడి బిడ్డలు గాదా? నా కోడి బిడ్డలకు నేనే మందు పెడతనా?" అంది కనకవ్వ. గొంతు పెద్దది చేయలేదు. బిందె ఎత్తుకోకుండానే ఇంటికి పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె మగడు తుమ్మకంప తెచ్చి దడి సందును మూసేశాడు. వారం తిరక్కుండా వాడకట్టులో ఆమె చేతి మజ్జిగ కూడా ఎవరూ పుచ్చుకోవడం లేదని ఓదెలు వచ్చి చెప్పాడు. ఐలవ్వ విననట్టు ఊరుకుంది.

కోళ్లు పోయిన సంగతి ఎవరో చెప్పగా ఈ రోజు మధ్యాహ్నం సుజన వచ్చింది. మిగిలిన పెట్టను చూసి, రెట్ట చూసి, కొక్కెర రోగమే అంది. ఐలవ్వ ఒప్పుకోలేదు. గూట్లోంచి కాగితపు పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"రోగం గాదు బిడ్డా, మందు. గివే నూకలు. దవాఖానల పరీక్ష చేపియ్యి. నీకు దండం పెడత."

సుజన పొట్లం విప్పి వేలితో కదిపి చూసింది. "ఈ నూకలు ఇంకెవలన్న తిన్నరా?"

"ఎవలు తింటరు, కోళ్లకిచ్చినయి."

అరుగు మీద కూర్చుని తుండుతో విసురుకుంటున్న ఓదెలు అప్పుడు నోరు విప్పాడు. "మొన్న నువ్వు నూకల బువ్వ వండినవు గదనే. మనింట్ల నూకలెక్కడియి? గివే గద."

ఐలవ్వ ముఖం చూడాలి మీరు. ఆ నూకల బువ్వను ఓదెలు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఆమే వడ్డించింది, తానూ తింది. ఇద్దరికీ ఏమీ కాలేదు, రాయిలాగా గట్టిగా ఉన్నారు.

సుజన నవ్వలేదు. వాకిలంతా తిరిగి చూసి, చివరికి నా దగ్గరికి వచ్చి, నన్ను ఎత్తి వెల్లకిలా తిప్పింది. పుల్లతో నా అంచు గీకింది. బద్దల మధ్య ఎండిపోయిన తెల్లటి, పచ్చటి రెట్ట పొట్టులా రాలింది.

"ఈ గంప ఎవరింటికన్న పోయిందా?"

ఓదెలే చెప్పాడు. కనకవ్వ అంగడి కోళ్లు తెచ్చిందని, మూడు రోజులు నా కింద మూసిందని.

"మరి దానియి ఎందుకు చావలే?" అంది ఐలవ్వ, ఆఖరి ఆశ పట్టుకుని.

"వాటికి చుక్కలు ఏసిన గదా అవ్వా."

ఐలవ్వ ఆ రోజు గంప మీద కూర్చున్న సంగతి సుజన ఎత్తలేదు. ఈ గంపను కాల్చేయమని, నేలకు సున్నం చల్లమని, రెండు నెలలు కొత్త కోడిని తేవద్దని చెప్పి, పెట్టె భుజాన వేసుకుని పక్కింటికి పోయింది. అక్కడ కనకవ్వతో ఏం మాట్లాడిందో నాకు వినిపించలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. ఏడేళ్లుగా పిల్లిని, గద్దను, ఓదెలును, కనకవ్వను, రాని పాములను కూడా అనుమానించాను. పదమూడు ప్రాణాలను తీసినది నా ఒంటి మీదే ఉంది. ప్రతి సాయంత్రం అవి నన్ను నమ్ముకుని నా కడుపులోకి వచ్చాయి. నేను వాటిని భద్రంగా మూసి, రోగాన్ని పంచాను. ఇన్ని కంతలుండి నా వైపు చూసుకోవడానికి ఒక్కటీ పనికిరాలేదు.

పొద్దు వాలుతుండగా ఐలవ్వ నన్ను పెరట్లోకి ఈడ్చుకొచ్చింది. చుట్టూ ఎండు కంది కట్టె పేర్చింది. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని గీయకుండా నిలబడింది. ఇంతలో కనకవ్వ వచ్చింది. సందు మూసి ఉంది కనుక వీధి వెంట చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. పెరట్లోకి వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగింది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"ఒక్కటడుగుత," అంది ఐలవ్వ. "ఆ కోడి కునుకుతుంటే నువ్వు చూసినవా?"

అయిదేళ్లలో ఆమె కనకవ్వను ఏదైనా సూటిగా అడగడం నేను వినలేదు. నల్లా దగ్గర అడిగింది కూడా అడగడం కాదు, జవాబు ముందే పెట్టుకుని అన్న మాట.

"చూసిన," అంది కనకవ్వ. "చూసే కోసిన. చుట్టాలకు రోగం కోడి పెట్టిందని ఊరంత అంటరని ఎవలకు చెప్పలే. నీకు గూడ చెప్పలే. గంపకు అంటుతదని నాకు ఎరుకలేదు వదినె. నమ్ముతె నమ్ము, లేకుంటె లేదు."

"నేను చుక్కలు ఏపియ్యలే," అంది ఐలవ్వ. "గంప మీద కూసున్న."

"చూసిన. దడి మీదికెల్లి చూసిన. మస్తు నవ్వుకున్న అప్పుడు."

ఐలవ్వ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. "పదమూడు పోయినయి వదినె. అన్ని నా చేతులల్లనే పోయినయి," అని నేల మీద కూలబడి ఏడ్చింది. కోళ్లు పోతున్నప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. కనకవ్వ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. తానూ ముక్కు తుడుచుకుంది. కాని ఏడుపు తగ్గాక చెయ్యి తీసేసింది.

"నల్లా కాడ అన్నవు," అంది కనకవ్వ. "పది మందిల అన్నవు. నా ఇంట్ల నీళ్లు తాగెటోళ్లు లేరు ఇయ్యాల. నాకొక్కదానికి చెప్తే సరిపోదు. నల్లా కాడ అన్న మాట నల్లా కాడనే తీస్కోవాలె."

ఐలవ్వ తల ఎత్తలేదు. పది మందిలో నిలబడి, అవి నేనే చంపుకున్నాను, ఈమెను ఊరికే ఆడిపోసుకున్నాను అని చెప్పాలి. నూకల బువ్వ సంగతీ బయటపడుతుంది. గంప మీద కూర్చున్న సంగతీ బయటపడుతుంది. పదమూడు కోళ్లు పోయినదానికి ఇక మిగిలింది ఆ కాస్త మొహమే.

"అంట," అంది ఐలవ్వ. "రేపు పొద్దుగాల నీళ్లొచ్చే యాళ్లకు అంట."

లేచి అగ్గిపుల్ల గీసింది. కంది కట్టె చిటపటమంది. వెదురు ఎండి ఉంది కదా, మంట నా అంచుకు తొందరగానే పాకింది. కనకవ్వ వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. కర్ర తీసుకుని, కాలని వైపు కట్టెను లోపలికి తోసింది. తలవాల్చిన బోడమెడ పెట్ట పొగకు దూరంగా, గోడ పక్కన నిలబడి ఉంది.

కంతలు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. రేపు పొద్దున నల్లా దగ్గర ఐలవ్వ ఆ మాట అంటుందో లేదో, బిందె నింపుకుని తల వంచుకుని ఇంట్లోకి పోతుందో చూడటానికి నేను ఉండను. ఈ బాధ నాకు కొత్త. ఇన్నాళ్లూ చూసి తేల్చుకోనిదే దేన్నీ నమ్మినదాన్ని కాను. ఇప్పుడు చూడటానికి వీల్లేదు. ఆమె ముఖం ఒక్కసారి, మిగిలిన రెండు కంతల్లోంచి, మంట వెలుగులో చూశాను.

అంటుంది.